మూడు వారాల్లో ఎనిమిది చేపలు పోయాయక్కా, ట్యాంక్ తీసెయ్యమంటారా?

ప్రశ్న: అక్కా నమస్తే. మేం విజయవాడలో ఉంటాం. బాబు ఎనిమిదో పుట్టినరోజుకి రెండడుగుల అక్వేరియం కొన్నాం. ఎనిమిది ఎర్ర గోల్డ్ ఫిష్, ఒక నల్లది ఉంటే ఇంటికి మంచిదని అత్తయ్యగారికి ఎవరో చెప్పారట, అవే తెచ్చాం. ట్యాంక్ శుభ్రంగా ఉంచుతుందని షాపతను ఒక సక్కర్ చేపని కూడా ఇచ్చాడు. సాయంత్రం నీళ్ళు పోసి అప్పుడే చేపల్ని వదిలేశాం. నాలుగో రోజు నుంచి ఒక్కోటి పోవడం మొదలైంది. పొద్దున్నే చూస్తే పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉండేవి. వారానికోసారి నీళ్ళన్నీ తీసేసి రాళ్ళు, ఫిల్టర్ కుళాయి కింద తోమి కడిగి మళ్ళీ నింపేదాన్ని, అయినా ఎర్రవి ఎనిమిదీ పోయాయి. ఫిల్టర్ చప్పుడుకి నిద్ర పట్టక రాత్రిళ్ళు ఆపేస్తాం. ఫ్రెండ్స్ వచ్చిన రోజు బాబు మేత ఎక్కువ వేశాడు, తన వల్లే చనిపోయాయని వాడు అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. మన దిష్టి అవి తీసుకున్నాయి, మళ్ళీ ఎనిమిది తెండి అంటున్నారు అత్తయ్యగారు. మిగిలిన రెండిటినీ బందరు కాలవలో వదిలేసి ట్యాంక్ అమ్మేద్దాం అంటున్నారు మావారు. ఏం చెయ్యాలో మీరే చెప్పండి. ట్యాంక్ ఫోటో పంపిస్తున్నాను.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా చెల్లీ. ముందు ఇది చదవడం ఆపి బాబుని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో, ఆ రోజు నువ్వేసిన గుప్పెడు మేత వల్ల చేపలు పోలేదు నాన్నా, అవి వచ్చిన రోజు నుంచీ ఆ నీళ్ళు వాటికి సరిపడలేదు, ఆ సంగతి మనకెవరికీ తెలీదు అని చెప్పు. ఇది వాణ్ణి ఊరుకోబెట్టడానికి చెప్పే మాట కాదు, నిజంగా జరిగిందే అది. ఎక్కువ మేత నీళ్ళని ఇంకొంచెం పాడు చేసి ఉంటుంది, కాదనను, కానీ నువ్వు రాసిన లెక్క ప్రకారం నాలుగో రోజుకే మొదలై మూడు వారాలూ ఒక్కోటి పోతూనే ఉన్నాయి కదా, ఒక్క రోజు మేతతో అలా జరగదు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఎనిమిది ప్రాణాలు తన మీదేసుకుని తిరుగుతున్నాడంటే నాకు నీ ఉత్తరంలో చేపల కన్నా ఆ వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది.

నీ తప్పు గురించి కూడా చెప్తాను, బాధపడకు. నువ్వు శుభ్రం చెయ్యక కాదు, మరీ శుభ్రం చెయ్యడం వల్ల పోయాయి. ఇంట్లో ఆడవాళ్ళం కదా, మురికి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, అద్దం తళతళలాడాలి, రాయి తెల్లగా రావాలి. చేపల ట్యాంక్ కి ఆ లెక్క పనికిరాదు.

మాది ఆకివీడు దగ్గర ఊరు, మా నాన్న ముప్పై ఏళ్ళు చేపల చెరువులు చేశాడు, శీలావతి, బొచ్చె. చిన్నప్పుడు సెలవుల్లో నాన్నతో పాటు తెల్లారుజామున గట్టు మీదకి వెళ్ళేదాన్ని, నేను చేపలు ఎక్కడ కనిపిస్తాయా అని చూస్తుంటే ఆయన చేపల వంక చూసేవాడే కాదు, టార్చి లైటు నీళ్ళ మీద అడ్డంగా వేసి రంగు చూసేవాడు, వంగి దోసిట్లోకి తీసుకుని వాసన చూసేవాడు, ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకుని ల్యాబ్ కి పంపించేవాడు. నీళ్ళు బావుంటే చేప సంగతి అదే చూసుకుంటుంది అని ఆయన లెక్క. పెళ్ళయ్యి ఫ్లాట్ లోకి వచ్చాక నేనూ ఒక ట్యాంక్ పెట్టుకున్నా, ఇంత చూసి పెరిగి కూడా నీలాగే పెట్టిన రోజే చేపల్ని వదిలేసి నీలాగే పోగొట్టుకున్నా, ఎందుకంటే ఎకరాల చెరువుకీ గాజు పెట్టెకీ ఒకటే సూత్రం ఉంటుందని నాకప్పుడు తట్టలేదు. నాన్నకి ఫోన్ చేసి ఏడిస్తే ఆయన అడిగిన మొదటి మాట, నీళ్ళు ఎన్నాళ్ళు మాగబెట్టావమ్మా అని.

పెరుగు తోడు పెట్టడం తెలుసు కదా, ఇదీ అదే. చేప ఊపిరి వదిలినా, విసర్జించినా, తినకుండా వదిలేసిన మేత కుళ్ళినా అమ్మోనియా పుడుతుంది, అది చేపకి విషం, మొప్పలు కాలిపోతాయి. నీళ్ళల్లో కంటికి కనపడని బ్యాక్టీరియా ఒక రకం ఆ అమ్మోనియాని తిని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది మరీ ఎక్కువైతే తప్ప చేపని ఏమీ చెయ్యదు. ఈ రెండు రకాలూ ఎక్కడుంటాయంటే ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళకి పట్టిన జిగురులో, గాజు గోడల మీద. కొత్త ట్యాంక్ లో ఇవి ఉండవు. వాటంతటవి పుట్టి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే నీ ట్యాంక్ ఇంకా తోడుకోని పాలు. అందులో మొదటి రోజే పది చేపల్ని దించాం, పైగా వారానికోసారి ఆ కాస్త తోడునీ కుళాయి కింద పెట్టి కడిగేశాం, మున్సిపాలిటీ నీళ్ళల్లో క్లోరిన్ ఉండేదే క్రిముల్ని చంపడానికి కదా, అది మంచి బ్యాక్టీరియా చెడ్డ బ్యాక్టీరియా అని చూడదు, అన్నిటినీ చంపేస్తుంది, చేప మొప్పల్ని కూడా కొరుకుతుంది. ప్రతి వారం మొదటికి వచ్చేస్తున్నావన్నమాట.

ఇక పొద్దున్నే పైకొచ్చి నోళ్ళు తెరవడం. మా వైపు దాన్ని చేప తేలుతోంది అంటారు, ఆ మాట ఫోన్లో వినపడితే చాలు ఎంత నిద్రలో ఉన్నా లుంగీ బిగించుకుని చెరువు దగ్గరకి పరిగెడతారు. నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయిందని అర్థం. చెరువులో పగలు నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ పీల్చుకునేదే, అందుకే తెల్లారుజామునే అన్నిటికన్నా తక్కువుంటుంది, మబ్బు పట్టిన రోజైతే ఇంకా ప్రమాదం, రాత్రంతా నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది అందుకే. మీ ఇంట్లో సరిగ్గా ఆ రాత్రిళ్ళే ఆపేశారు. గాలి ఆడక స్పాంజిలో బ్యాక్టీరియా కూడా నీరసించిపోతుంది, వాటికీ ఆక్సిజన్ కావాలి. అమ్మోనియాతో మొప్పలు దెబ్బతిన్న చేపకి ఉన్న ఆక్సిజన్ కూడా అందదు, రెండూ కలిసి కొట్టాయి.

కాబట్టి ఈ రోజు నుంచి ఫిల్టర్ మోటార్ ఇరవై నాలుగ్గంటలూ తిరగాలి. ఫిల్టర్ లోకి గాలి కొట్టే ఆ చిన్న ఎయిర్ పంప్ ఐదు వాట్లు ఉంటుందనుకో, నెలంతా ఆపకుండా తిప్పినా నాలుగు యూనిట్లు కూడా అవ్వదు, మీ ఆయనకి ఈ లెక్క చూపించు. చప్పుడు తగ్గాలంటే పంప్ కింద పాత టవల్ నాలుగు మడతలు పెట్టి ఉంచు, చెక్క మీద డైరెక్టుగా పెడితే టీవీ స్టాండ్ అంతా కలిసి గుర్రుమంటుంది. పంప్ ఎప్పుడూ నీటి మట్టం కన్నా పైన ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు ట్యూబులోంచి నీళ్ళు వెనక్కొచ్చి మోటార్ లోకి పోతాయి. కరెంటు ఎక్కువసేపు పోతే మగ్గుతో ట్యాంక్ లో నీళ్ళే తీసి కాస్త ఎత్తునుంచి మళ్ళీ అందులోనే పొయ్యి, పావుగంటకోసారి అలా చేస్తే గండం గడిచిపోతుంది. ఆ పని బాబుకి ఇవ్వు.

మొత్తం నీళ్ళు మార్చడం మాత్రం ఇంక ఎప్పుడూ వద్దు. మీది రెండడుగులు బై అడుగు బై అడుగు అయితే నిండా పోస్తే యాభై ఆరు లీటర్లు, రాళ్ళూ పైన ఖాళీ పోను ఓ నలభై ఐదు ఉంటాయి. రెండు చేపలే ఉన్నాయి కాబట్టి ఈ నెలంతా రోజు విడిచి రోజు పది లీటర్లు తీసి పది లీటర్లు పొయ్యి, తర్వాత వారానికోసారి పావు వంతు చాలు. పోసే నీళ్ళు ముందు రోజే వెడల్పాటి బకెట్లో మూత లేకుండా పట్టి ఉంచు, దాంతో పాటు షాపులో యాంటీ క్లోరిన్ డ్రాప్స్ అని అమ్ముతారు, సీసా మీద రాసినంత వెయ్యి, బకెట్లో ఉంచడం ఒక్కటే నమ్ముకోవద్దు. ఆర్ఓ నీళ్ళు మంచివని అవి పోసేవు, వాటిల్లో లవణాలు చాలావరకు తీసేస్తారు, ఒట్టి ఆర్ఓ నీళ్ళు చేపకి సరిపడవు. ఫిల్టర్ స్పాంజి బాగా మూసుకుపోయినప్పుడు మాత్రమే, అదీ ట్యాంక్ లోంచి తీసిన ఆ పాత నీళ్ళలోనే రెండు మూడు సార్లు పిండు, గోధుమరంగు జిగురు ఇంకా మిగిలి ఉందని చేతులు కుదురుగా ఉండవు, ఆపుకో, అదే నీ తోడు.

తోడు అంటే గుర్తొచ్చింది, మీ చుట్టాల్లో గానీ అపార్ట్‌మెంట్లో గానీ ఏడాది పైగా చేపలు బాగా బతుకుతున్న ఇల్లు ఉంటే వాళ్ళ ఫిల్టర్ స్పాంజిలో చిన్న ముక్క అడిగి తెచ్చి, ఆరిపోకుండా వాళ్ళ నీళ్ళల్లోనే కవర్లో పెట్టి తెచ్చి, మీ ఫిల్టర్ లో పెట్టు. ఆరు వారాలు పట్టేది చాలా ముందే అయిపోతుంది. చేపలు జబ్బుగా ఉన్న ఇంటి నుంచి, కొత్తగా సరుకు దిగిన షాపు నుంచి మాత్రం తేకు, తోడుతో పాటు తెల్ల మచ్చల జబ్బు కూడా వస్తుంది. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కో, అది ఖర్చు అనుకోవద్దు, గాజు గొట్టంలో ట్యాంక్ నీళ్ళు పట్టి చుక్కలేస్తే, మామూలుగా దొరికే కిట్లలో పసుపుగా ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకి తిరిగిందంటే ఉన్నట్టు. మా అమ్మాయి చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే బ్యాగ్ విసిరేసి ముందు ఆ గొట్టం దగ్గరకే వెళ్ళేది, తలుపు మీద క్యాలెండర్లో ఆ రోజు గడిలో స్కెచ్ పెన్నుతో ఏ రంగు వస్తే ఆ రంగు చుక్క పెట్టేది. నాలుగు వారాలు ఆకుపచ్చ చుక్కలే, ఐదో వారంలో ఒక రోజు పసుపు వచ్చింది, అది అరిచిన అరుపుకి కింద ఫ్లాట్ వాళ్ళు పైకొచ్చారు. మీ బాబుకి అలాంటి రోజు ఒకటి రావాలి.

ఇప్పుడు అత్తయ్యగారి మాట. దిష్టి తీసుకున్నాయి అన్న మాట ఆవిడ మనవడు ఏడుస్తుంటే అన్న మాట అయ్యుంటుంది, నీ చేప ఊరికే పోలేదురా నిన్ను కాపాడి పోయింది అని, దాన్లో ప్రేమే ఉంది, దానికి ఎదురు చెప్పకు. కానీ మళ్ళీ ఎనిమిది తెస్తే మళ్ళీ ఎనిమిదీ పోతాయి, ఈసారి బాబు తట్టుకోలేడు, ఈ మాట మాత్రం గట్టిగా చెప్పాలి, నువ్వు కాదు, మీ ఆయన చేత చెప్పించు, కొడుకు చెప్తే వింటారు. నల్లది ఒక్కటే మిగలడం ఆవిడ నమ్మకాన్ని ఇంకా గట్టి చేసి ఉంటుంది, అది మిగలడానికి కారణం పది పంచుకోవాల్సిన నీళ్ళు చివరికి దానికీ సక్కర్ కీ మాత్రమే దొరకడం అయ్యుంటుంది. ఆవిడకి మనీ ప్లాంట్ పెంచే అలవాటుంటే రెండు కొమ్మలు అడిగి, ఆకులు బయటికి ఉండేట్టు వేళ్ళు మాత్రం ట్యాంక్ నీళ్ళల్లో మునిగేట్టు కట్టించు. ఆ వేళ్ళు నైట్రేట్ ని లాగేసుకుంటాయి, ఆకులు పళ్ళెం అంత అవుతాయి. ఇంటికి మంచిది అనే మాటకి మనీ ప్లాంట్ కూడా పనికొస్తుంది కదా.

గోల్డ్ ఫిష్ సంగతి షాపుల్లో ఎవరూ చెప్పరు. అది మన శీలావతి, బొచ్చె కుటుంబానిదే, చిన్నప్పుడు వేలంత ఉంటుంది కానీ సరిగ్గా చూసుకుంటే అరచెయ్యి దాటుతుంది, పదేళ్ళు పైన బతుకుతుంది. దానికి పొట్ట సంచి ఉండదు, తింటూనే ఉంటుంది, వదుల్తూనే ఉంటుంది. ఒక్కదానికే డెబ్బై ఎనభై లీటర్లు ఉండాలి. నలభై ఐదు లీటర్లలో తొమ్మిది అంటే ఎంత మంచి నీళ్ళయినా కుదరదు. నల్లదాన్ని ఇప్పటికి ఇందులోనే ఉంచు, ఈ నెల గట్టెక్కితే తర్వాత పెద్ద ట్యాంక్ కొనే ఓపిక ఉంటే కొనండి, లేదంటే పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యండి. అది ఉండగానే టెస్ట్ లో వరసగా వారం రోజులు పసుపు వస్తే, అది వెళ్ళగానే ముందు మూడు గప్పీలు, అంటే రంగు తోకల చిన్న చేపలు, ఇంకో రెండు మూడు వారాలాగి ఇంకో మూడు తెచ్చుకోండి, అన్నీ మగవే. మగవాటికే తోక రంగులు, ఆడవి కలిస్తే నెలనెలా పిల్లలు పెడతాయి, తర్వాత ఎక్కడ పెట్టాలో తెలీదు. మీ నీళ్ళు కొంచెం ఉప్పగా, గిన్నెలకి తెల్ల చారలు పట్టే రకమైనా గప్పీలకి ఇబ్బంది ఉండదు, వాటికి అలాంటి నీళ్ళే ఇష్టం. కవర్ తెచ్చాక ఇరవై నిమిషాలు ట్యాంక్ నీళ్ళ మీద తేలనిచ్చి, కొంచెం కొంచెం ట్యాంక్ నీళ్ళు కవర్లో పోస్తూ అలవాటు చేసి, చేపని మాత్రం వలతో తీసి వదలండి, కవర్ నీళ్ళు ట్యాంక్ లో పొయ్యొద్దు. మేత రోజుకి రెండు చిటికెలు, రెండు నిమిషాల్లో తినేసేంతే. వారంలో ఒక రోజు ఏమీ పెట్టకపోయినా ఏమీ కాదు.

సక్కర్ గురించి మీ ఆయనతో కూర్చుని మాట్లాడు చెల్లీ, ఇది చిన్న విషయం కాదు. ట్యాంక్ శుభ్రం చేస్తుందన్నది అబద్ధం, నాచు కాస్త గీకుతుంది, మలం మాత్రం బాగా వదుల్తుంది, అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక ఏం చెయ్యాలో తెలీక జనం తీసుకెళ్ళి కాలవల్లో చెరువుల్లో వదిలేశారు, ఇప్పుడు కృష్ణలో వలేస్తే ఇవే పడుతున్నాయి, డెవిల్ ఫిష్ అని పేపర్లో చూసే ఉంటావు. ఒళ్ళంతా గట్టి పొలుసు కవచం, ముళ్ళు, వల్లో పడితే వల చిరిగిపోతుంది, ఎవరూ కొనరు. మన చేపల గుడ్లూ మేతా తినేస్తుంది. బందరు కాలవ నీళ్ళు అక్కడితో ఆగవు, కింద పొలాలకీ చెరువులకీ ఎక్కుతాయి, మా నాన్న లాంటి వాళ్ళు అప్పు తెచ్చి చేప పిల్ల వేసుకున్న చెరువుల్లోకి. గోల్డ్ ఫిష్ ని కూడా అంతే, వదలొద్దు. కొన్న షాపుకే సక్కర్ ని తిరిగి తీసుకెళ్ళి ఇచ్చెయ్యండి, డబ్బులు అడక్కండి, ఊరికే ఇస్తామంటే చాలామంది తీసుకుంటారు.

ట్యాంక్ అమ్మాలా వద్దా అన్నది నేను చెప్పను, కానీ అమ్మితే ఈ వారం అమ్మకండి. ఇప్పుడు తీసేస్తే బాబుకి మిగిలేది నేను చంపేశాను కాబట్టి తీసేశారు అన్న మాటే. రెండు నెలలు ఆ నల్లచేపని బతికించి చూపించాక కూడా మీకు కుదరదనిపిస్తే అప్పుడు అమ్ముకోండి, అప్పుడు వాడే ఒప్పుకుంటాడు. పోయినవాటిని ఎక్కడ పారేశారో రాయలేదు. టాయిలెట్లో వేసి ఉంటే, వాడు చూసి ఉంటే, ఇంకెప్పుడూ అలా చెయ్యకండి, బాల్కనీలో పెద్ద కుండీ ఏదైనా ఉంటే మట్టి లోతుగా తీసి అందులో పెట్టండి. కొత్తది తెచ్చి పాతదే అని చెప్పడం కూడా వద్దు, పిల్లలు తోక మీద మచ్చ గుర్తుపెట్టుకుంటారు. రాత్రి తొమ్మిదికల్లా ట్యాంక్ లైటు ఆపడం వాడి డ్యూటీ చెయ్యి, చేపకి కనురెప్పలుండవు నాన్నా, చీకటైతేనే దానికి నిద్ర అని చెప్పు, ఇంక నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు.

నువ్వు పంపిన ఫోటో మళ్ళీ పెద్దది చేసి చూస్తే ఇంకోటి కనిపించింది. ట్యాంక్ పక్కన ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎయిర్ పంప్ ప్లగ్ ఉంది, దాని పక్క ప్లగ్గులోనే దోమల లిక్విడ్ మెషిన్ ఉంది. అది మనకి ఏమీ అనిపించదు కానీ దాంట్లో మందు చేపలకి చాలా చెడ్డది, పంప్ పక్కనున్న గాలినే లాగి బుడగలుగా నీళ్ళల్లోకి తోస్తుంది. కాయిల్స్, స్ప్రేలు కూడా అంతే. ఆ గదిలో దోమలకి కిటికీ మెష్ గానీ దోమతెర గానీ చూసుకోండి, మెషిన్ మాత్రం ఈ రాత్రికే తీసి వేరే గదిలో పెట్టు.